బడికి పరికరం చాలదు, ఉపాధ్యాయునికి అన్వేషణకు సమయం కావాలి

న్యూజిలాండ్‌లోని తెలుగు తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠశాల బోర్డు సభ్యులకు విజ్ఞప్తి

ప్రతిపాదన

న్యూజిలాండ్ పాఠశాలల్లో డిజిటల్ అక్షరాస్యత వేళ్లూనుకోవాలంటే, పిల్లలు తెరమీద ఎలా చదువుతున్నారో, ఎలా వెతుకుతున్నారో, దేనిని ఎందుకు నమ్ముతున్నారో పరిశీలించి, ఆ పరిశీలన ఆధారంగా తమ బోధనను మార్చుకొనే సమయాన్ని ప్రతి పాఠశాల బోర్డూ తన ఉపాధ్యాయులకు ప్రతి టర్ములోనూ విడిగా కేటాయించాలని ఈ కరపత్రం కోరుతోంది. పరికరాల కొనుగోలుకు, ఇంటర్నెట్ సదుపాయానికి బడ్జెట్‌లో పద్దు ఉన్నట్లే ఈ సమయానికీ ఒక పద్దు ఉండాలి.

డిజిటల్ అక్షరాస్యత అనే మాటలో నాలుగు సామర్థ్యాలు ఇమిడి ఉన్నాయి. యంత్రాన్ని నడపడం మొదటిది. కావలసిన సమాచారాన్ని వెతికి పట్టుకోవడం రెండవది. దొరికినదాన్ని ఎవరు, ఏ ఉద్దేశంతో, ఏ ఆధారంతో చెప్పారో విచారించి తూచడం మూడవది. తెలుసుకున్నదాన్ని బాధ్యతతో ఇతరులకు తెలియజేయడం నాలుగవది. మొదటిది పిల్లలకు ఎవరూ పెద్దగా నేర్పకపోయినా పట్టుబడుతుంది గాని, మూడవది శ్రద్ధగా నేర్పకపోతే చదువుకున్న పెద్దలకు సైతం అలవడదు. బోధన చాలా తరగతుల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతున్నదంటే అందుకు కారణం ఉపాధ్యాయుల అశ్రద్ధ కాదు. మూడవదాన్ని ఎలా నేర్పాలో తమ తరగతిలోనే పరీక్షించి తెలుసుకొనే వ్యవధి వారికి లేకపోవడమే.

ఈ దేశంలో ఈ అవసరం ఎందుకు తీవ్రమైనది

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మసీదులపై జరిగిన దాడిలో 51 మంది ప్రాణాలు కోల్పోయారు. హంతకుడు ఆ దారుణాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయగా, మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో ప్రతులను 15 లక్షల దాకా తొలగించినట్లు ఆ సంస్థ ప్రకటించింది. రెండు నెలల తర్వాత, మే 15న, న్యూజిలాండ్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు కలిసి పారిస్‌లో ‘క్రైస్ట్‌చర్చ్ కాల్’ పేరిట దేశాలను, సాంకేతిక సంస్థలను ఆన్‌లైన్‌లో ఉగ్రవాద సమాచారాన్ని అరికట్టే ఒక ఒడంబడికకు తెచ్చాయి. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెల్లింగ్టన్‌లోని పార్లమెంటు ఆవరణ టీకా నిబంధనలను వ్యతిరేకించే నిరసనకారుల ఆక్రమణకు గురైనప్పుడు టీకాల గురించిన అసత్య ప్రచారం ఎంత దూరం పోగలదో దేశమంతా చూసింది. అదే ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుంచి, నమ్మకంగా వినిపించే వాక్యానికీ నిజమైన వాక్యానికీ ఉన్న తేడాను కనిపెట్టడం మరింత కష్టమైంది.

చట్టాలు, ఒడంబడికలు అవసరమే. 2015 నాటి హానికర డిజిటల్ సమాచార చట్టం, దాని కింద ఫిర్యాదులు స్వీకరించే నెట్‌సేఫ్ సంస్థ ఎందరికో అండగా ఉన్నాయి. అయితే చట్టం హాని జరిగిన తర్వాత ఆదుకొంటుంది; హానిని ముందే గుర్తించే వివేకాన్ని ఇవ్వగలిగినది చదువే. తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో అదనపు భారం ఉంది. ఈ దేశంలో పెరిగే తెలుగు పిల్లలు రెండు సమాచార ప్రవాహాల మధ్య నివసిస్తారు: బడిలో, స్నేహితుల మధ్య ఇంగ్లీషులో వచ్చేది ఒకటి, తాతయ్య, అమ్మమ్మల నుంచి, బంధువుల బృందాల నుంచి వాట్సాప్‌లో తెలుగులో వచ్చేది మరొకటి. రెండింటినీ ఒకే తూకంతో తూచగల శక్తి ఆ పిల్లలకు రావాలంటే అది బడిలో మొదలు కావాలి.

పరికరాలు సాధించినది, సాధించలేనిది

పరికరాలు అందించే పనిలో న్యూజిలాండ్ వెనుకబడిన దేశం కాదు. 2012లో ప్రభుత్వం స్థాపించిన ‘నెట్‌వర్క్ ఫర్ లెర్నింగ్’ సంస్థ దేశవ్యాప్తంగా పాఠశాలలకు వేగవంతమైన, భద్రమైన ఇంటర్నెట్‌ను అందించింది. 2020 మార్చి 25న కోవిడ్ కట్టడి మొదలైనప్పుడు విద్యాశాఖ అవసరమైన ఇళ్లకు కంప్యూటర్లను, మోడెములను పంపి, మూడు వారాలలో టెలివిజన్ పాఠాలను కూడా ప్రారంభించింది.

పరికరం ఒక్కటే చదువును మార్చగలదా అన్న ప్రశ్నకు పెరూ దేశం చెప్పే జవాబు గమనించదగినది. అక్కడి గ్రామీణ ప్రాంతాల్లోని 319 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ల్యాప్‌టాప్‌లు అందిన బడులలో పిల్లల కంప్యూటర్ వాడకం గణనీయంగా పెరిగింది గాని, గణితంలోను, భాషలోను వారి ప్రగతి మెరుగైనట్లు ఆధారం కనబడలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబ్‌లను పంచిన సంగతి తెలుగువారికి తెలిసినదే. ఎక్కడైనా సరే, ఇంత పెద్ద పంపిణీ తర్వాత అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ పరికరాన్ని చేతబట్టుకున్న పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయుని సిద్ధం చేయడానికి ఎంత సమయం ఇచ్చారు?

1999లో విద్యా పరిశోధకుడు సుగత మిత్ర ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడకు కన్నం చేసి కంప్యూటర్‌ను అమర్చినప్పుడు, పక్క మురికివాడ పిల్లలు ఎవరి సహాయమూ లేకుండా దానిని నడపడం నేర్చుకున్నారు. ఉపాధ్యాయుడు అక్కరలేదనడానికి కొందరు ఈ ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. జాగ్రత్తగా చూస్తే అది నిరూపించినది యంత్రాన్ని నడపడమనే మొదటి సామర్థ్యానికి సంబంధించిన విషయం. తెరపై కనిపించిన మాటను నమ్మవచ్చునా అనే విచారణ, ఆ విచారణ తెలిసిన పెద్దవారి పక్కన కూర్చొని నేర్చుకోవలసిన విద్య.

అన్వేషణ పద్ధతి అంటే ఏమిటి

ఉపాధ్యాయుడు జవాబుతో కాక ప్రశ్నతో పాఠాన్ని ప్రారంభించి, పిల్లలు ఆధారాలు సేకరించి, పోల్చి, నిర్ణయానికి వచ్చి, ఆ నిర్ణయాన్ని సమర్థించుకొనేలా దగ్గరుండి నడిపించడాన్ని అన్వేషణ పద్ధతి అంటారు. ఇది న్యూజిలాండ్‌కు కొత్త కాదు. ఉత్తర ప్రాంతంలోని ఓరుఐతి అనే చిన్న పల్లెబడిలో ఎల్విన్ రిచర్డ్‌సన్ 1949 నుంచి పుష్కరకాలానికి పైగా చుట్టుపక్కల ప్రకృతినే పాఠ్యవస్తువుగా చేసుకొని, గమనించడం, పరీక్షించడం, రాయడం, మట్టితో బొమ్మలు చేయడం ఒకే అల్లికగా నేర్పి, ఆ అనుభవాన్ని 1964లో గ్రంథంగా వెలువరించాడు. 1980ల చివరి భాగంలో గ్వెన్ గావిత్ సమాచారాన్ని వెతకడం, ఎంచుకోవడం, వాడుకోవడం దశలవారీగా నేర్పే విధానాన్ని పాఠశాల గ్రంథాలయాలలోకి తెచ్చింది. అంటే ఇంటర్నెట్ బడిలోకి రాకముందే ఈ దేశపు ఉపాధ్యాయులకు సమాచార అన్వేషణను నేర్పే సంప్రదాయం ఉంది.

ఆ సంప్రదాయం నేటి తరగతిలో ఎలా పనిచేయగలదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. బడికి దగ్గరలో ప్రవహించే ఏరులో ఈత కొట్టవచ్చునా అన్న ప్రశ్నను ఆరవ తరగతి ముందు ఉంచితే, పిల్లలు ప్రాంతీయ మండళ్లు నీటి నాణ్యత కొలతలను ప్రకటించే ‘లావా’ అనే ప్రజావేదికలో అంకెలను చూస్తారు, జాతీయ గ్రంథాలయం డిజిటల్ రూపంలో భద్రపరిచిన పాత పత్రికల నిధి ‘పేపర్స్ పాస్ట్’లో అదే ఏటి గురించి నూరేళ్ల కిందటి వార్తలను వెతుకుతారు, స్థానికులు సామాజిక మాధ్యమాల్లో రాసిన ఫిర్యాదులను చదువుతారు, కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును కూడా ముందు పెట్టుకొంటారు. ఈ నాలుగూ పరస్పరం విభేదించిన చోట అసలు పాఠం మొదలవుతుంది. ఏ అంకెను ఏ తేదీన కొలిచారు, ఏ మాటకు కొలత లేదు, ఏ జవాబుకు మూలం చూపలేదు అన్న విచారణ పిల్లలకు సహజంగా అవసరమవుతుంది.

ఆ విచారణకు ఒక నిర్దిష్ట పద్ధతి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులను, 10 మంది వార్తా నిర్ధారకులను, 25 మంది ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులను తీసుకొని, వారు అపరిచితమైన వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీలోనే ఉండి, అందమైన లోగోకు, అధికారికంగా కనిపించే పేరుకు లోబడిపోయారు. వార్తా నిర్ధారకులు మాత్రం పేజీని వెంటనే వదిలి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో పక్క పేజీలు తెరిచి చూసి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. ఇలా మూలాన్ని దాని బయటినుంచి పరీక్షించడాన్ని పార్శ్వ పఠనం అంటారు. పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఓపికగా చదవడమే మంచి చదువని పెరిగిన ఉపాధ్యాయునికి, ముందు పేజీని వదిలి రమ్మని నేర్పడం కొత్త విషయం. అందుకే ఆయన కూడా నేర్చుకోవలసి ఉంటుంది.

ఉపాధ్యాయుని ఎదుగుదల

2007 నాటి న్యూజిలాండ్ పాఠ్యప్రణాళిక బోధననే ఒక అన్వేషణగా నిర్వచించి, ఉపాధ్యాయుడు తనను తాను అడుగవలసిన మూడు ప్రశ్నలను సూచించింది. ఈ పిల్లలు ఇప్పుడున్న స్థితిలో వీరికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి? దానిని నేర్చుకోవడానికి ఏ పద్ధతి ఎక్కువగా తోడ్పడుతుందని ఆధారాలు చెబుతున్నాయి? బోధించిన తర్వాత ఏమి జరిగింది, తరువాతి బోధనకు దానివల్ల తెలిసినదేమిటి? అదే ఏడాది విద్యా పరిశోధకురాలు హెలెన్ టింపర్లీ, ఆమె సహచరులు ఉపాధ్యాయుల వృత్తి అభ్యసనంపై ప్రపంచవ్యాప్త పరిశోధనలను క్రోడీకరించి, ఒక్క రోజు శిక్షణ శిబిరాలకు బోధనను మార్చే శక్తి తక్కువని, దీర్ఘకాలం సాగుతూ తరగతి పనితో ముడిపడి, బయటి నిపుణుల సహాయం అందే అభ్యసనమే విద్యార్థుల వరకు చేరుతుందని చూపారు. 2014లో టింపర్లీ, లిండా కేసర్, జూడీ హాల్బర్ట్ దీనినే ఆరు దశల అన్వేషణ వలయంగా విస్తరించారు: పరిస్థితిని పరిశీలించడం, ఒక అంశంపై దృష్టి నిలపడం, కారణాన్ని ఊహించడం, నేర్చుకోవడం, ఆచరించడం, ఫలితాన్ని సరిచూడడం.

ఈ వలయాన్ని డిజిటల్ అక్షరాస్యతకు అన్వయిస్తే ఉపాధ్యాయుని ఎదుగుదల ఎలా ఉంటుందో స్పష్టమవుతుంది. తొలి దశలో ఉపాధ్యాయుడు సాధారణంగా సాధనాన్ని నేర్పుతాడు: పత్రాన్ని తయారు చేయడం, చిత్రాన్ని చేర్చడం, ప్రదర్శనను అలంకరించడం. పిల్లల పని చూడముచ్చటగా ఉంటుంది గాని, అందులోని వాక్యాలు ఎక్కడివో వారికే తెలియదు. తర్వాతి దశలో ఆయన ప్రశ్న ఇస్తాడు గాని, జవాబును ముందే మనసులో పెట్టుకొని, పిల్లలు దానిని చేరేదాకా దారి సరిచేస్తుంటాడు. మూడవ దశలో ఆయన బోధించడం కాసేపు ఆపి గమనించడం మొదలుపెడతాడు. నలుగురు పిల్లల పక్కన కూర్చొని, వారు వెతుకులాట పెట్టెలో ఏమి రాశారో, ఫలితాలలో ఎన్నవదానిని తెరిచారో, ఎందుకు తెరిచారని అడిగితే ఏమి చెప్పారో రాసుకుంటాడు. పిల్లలు ప్రశ్న మొత్తాన్ని యథాతథంగా రాసి మొదటి ఫలితాన్నే తెరుస్తున్నారని తేలితే, దోషం వారి బద్ధకంలో కాక ఫలితాల పట్టికను చదవడం తాను ఎన్నడూ నేర్పకపోవడంలో ఉందని గ్రహిస్తాడు. అప్పుడు ఒక్క మార్పు చేస్తాడు: ఏ లింకునూ తెరవకముందు పట్టికలోని పేర్లన్నీ చదివి, ఏది ఎవరిదో ఊహించి చెప్పమంటాడు. కొన్ని వారాల తర్వాత అదే నలుగురి పక్కన మళ్లీ కూర్చొని, ఏమి మారిందో సరిచూస్తాడు.

నాలుగవ దశలో ఆయన తనకు తెలియని ప్రశ్నను పిల్లల ఎదుటే విచారించి చూపగలుగుతాడు. ఏ పేజీని ఎందుకు వదిలాడో, ఏ మాటకు రెండవ ఆధారం కోసం వెతికాడో పైకి చెబుతూ వెతకడం పిల్లలకు అన్నిటికన్నా బలమైన పాఠం. తెలియదని ఒప్పుకొంటే గౌరవం తగ్గుతుందనే భయం గురువుల్లో అన్ని సమాజాలలోనూ ఉన్నదే. ఆ భయాన్ని దాటడానికి సహోద్యోగుల తోడు, మళ్లీ మళ్లీ ప్రయత్నించే తీరిక కావాలి.

తామకి చూపిన దారి

ఇది పుస్తకాలకే పరిమితమైన ఆలోచన కాదు. ఆక్లండ్ తూర్పున ఉన్న తామకి ప్రాంతంలో, అల్పాదాయ కుటుంబాలు ఎక్కువగా ఉండే పాయింట్ ఇంగ్లండ్, గ్లెన్ ఇన్నెస్, పన్మ్యూర్ పరిసరాల పాఠశాలలు కలిసి మనాయకలాని అనే కార్యక్రమాన్ని నిర్మించుకున్నాయి. తల్లిదండ్రులు వారానికి కొద్ది డాలర్ల చొప్పున చెల్లించి పిల్లలకు సొంత కంప్యూటర్ సమకూర్చే ఏర్పాటు చేశాయి. నేర్చుకో, సృష్టించు, పంచుకో అనే మూడు మెట్ల బోధనా విధానాన్ని పాఠశాలలన్నీ ఉమ్మడిగా స్వీకరించాయి. అన్నిటినీ మించి ఉపాధ్యాయులపై పెట్టుబడి పెట్టాయి: కొత్త ఉపాధ్యాయులకు డిజిటల్ ఉపాధ్యాయ అకాడమీ, అనుభవజ్ఞులకు వారానికి ఒక పూర్తి రోజు చొప్పున తొమ్మిది వారాలు సాగే శిక్షణ, తమ తరగతి సమస్యపై ఏడాది పొడవునా అన్వేషణ చేసే ఉపాధ్యాయులకు ప్రత్యేక సమయం. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలోని వుల్ఫ్ ఫిషర్ పరిశోధన కేంద్రం ఫలితాలను ఏళ్ల తరబడి కొలుస్తూ, లోపాలను కూడా బడుల ముందు ఉంచింది. ఆ కొలతల్లో పిల్లల రచనా సామర్థ్యం వేగంగా పెరిగినట్లు కనిపించగా, పఠనంలో ప్రగతి అంత సులభం కాదని తేలి, ఉపాధ్యాయుల అన్వేషణ ఆ వైపు మళ్లింది. భారతీయ కుటుంబాలు ఎక్కువగా నివసించే మౌంట్ రాస్కిల్ ప్రాంతపు పాఠశాలలు కూడా అకో హికో పేరిట ఇదే బాటలో నడిచాయి.

ఇప్పుడే ఎందుకు

డిజిటల్ సాంకేతికతలు, మావోరి మాధ్యమంలో హంగారౌ మతిహికో, 2020 ఆరంభం నుంచి 1 నుంచి 10 తరగతుల వరకు తప్పనిసరి పాఠ్యాంశమయ్యాయి. ఇందులో రెండు పాయలు ఉన్నాయి: సమస్యను యంత్రం అమలు చేయగల అంచెలుగా విడదీసే గణనాత్మక ఆలోచన, వాడుకరుల అవసరానికి తగిన డిజిటల్ రూపాలను తయారుచేసే రూపకల్పన. సమాచారాన్ని తూచే విద్య మాత్రం ఇంగ్లీషుకు, సామాజిక శాస్త్రానికి, విజ్ఞాన శాస్త్రానికి, ఆరోగ్య విద్యకు అన్నిటికీ చెందినది కావడం వల్ల, ఎవరి ప్రత్యేక బాధ్యతా కాకుండా జారిపోయే ప్రమాదం ఉంది.

మరోవైపు, ఉపాధ్యాయులు కలిసి అన్వేషణ చేసుకొనే వేదికలు తగ్గాయి. 2014లో ప్రకటించిన కాహుయ్ అకో అనే పాఠశాలల సమాఖ్యలు, వాటిలో అన్వేషణకు నాయకత్వం వహించే ఉపాధ్యాయులకు ఇచ్చిన సమయం, 2025 బడ్జెట్ నిర్ణయంతో ముగింపుకు వచ్చి, ఆ నిధులు ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లల చదువుకు మళ్లాయి. ఆ పిల్లల అవసరం కాదనలేనిది. కాని ఖాళీ అయిన స్థానాన్ని బడులు తమ స్థాయిలో భర్తీ చేసుకోకపోతే, 2021 నుంచి ఉపాధ్యాయుల వార్షిక మదింపు స్థానంలో వచ్చిన వృత్తి వికాస వలయం కాగితం మీద మిగిలిపోతుంది.

అభ్యంతరాలకు సమాధానం

అన్వేషణ పద్ధతిలో పిల్లలు తమంతట తామే తడుముకుంటారని, తెలియని పిల్లలకు నేరుగా చెప్పడమే మేలని అభ్యంతరం ఉంది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ వాదనను బలంగా వినిపించింది. మార్గదర్శనం లేని అన్వేషణ విషయంలో వారి హెచ్చరిక సరైనది. మరుసటి ఏడాది హ్మెలో–సిల్వర్, డంకన్, చిన్ ఇచ్చిన సమాధానం కూడా అంతే ముఖ్యమైనది: మంచి అన్వేషణా పాఠంలో ఉపాధ్యాయుని ఆసరా అడుగడుగునా ఉంటుంది. పార్శ్వ పఠనం వంటి మెళకువను నేరుగా, స్పష్టంగా చేసి చూపాలి. దానిని ఎప్పుడు వాడాలో గ్రహించడానికి నిజమైన ప్రశ్న కావాలి. ఏ క్షణాన ఏది అవసరమో నిర్ణయించడమే ఉపాధ్యాయుని నైపుణ్యం.

2024 నుంచి ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, గణితం రోజుకు సగటున ఒక్కొక్క గంట చొప్పున తప్పనిసరి అయినందున సమయం ఎక్కడిదని మరొక అభ్యంతరం. మూలాన్ని తూచి చదవడం చదువు గంటలోనిదే. ఆధారం చూపి రాయడం రాత గంటలోనిదే. పట్టికను ప్రశ్నించడం గణితం గంటలోనిదే. ప్రత్యేక పీరియడ్ అవసరం లేదు. అదే ఏడాది రెండవ టర్ము నుంచి బడిలో ఫోన్లు పక్కన పెట్టిస్తున్నారు కదా అంటే, ఆ నియమం తరగతిలో ఏకాగ్రతను కాపాడుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి ఫోన్ తెరిచాక పిల్లలను కాపాడేది బడిలో నేర్చుకున్న వివేకమే.

చేయవలసినవి

1. బోర్డులు ప్రతి ఉపాధ్యాయునికి టర్ముకు కనీసం ఒక పూర్తి రోజును డిజిటల్ అక్షరాస్యతపై తరగతి అన్వేషణకు కేటాయించి, ఆ రోజు తరగతిని చూసుకొనే బదులు ఉపాధ్యాయుని ఖర్చును వార్షిక బడ్జెట్‌లో ముందే చూపాలి.

2. తొలి ఏడాది ఉపాధ్యాయులకు ఇప్పటికే వారానికి ఒక రోజుకు సమానమైన విడుదల సమయం ఉన్నందున, అందులో కొంత భాగాన్ని అనుభవజ్ఞుల తరగతిలో పిల్లల వెతుకులాటను గమనించడానికి వాడాలి.

3. ప్రతి ఉపాధ్యాయుని వృత్తి వికాస వలయంలో ఏడాదికి ఒక్క ప్రశ్న ఉంటే చాలు. అది పిల్లల నుంచి సేకరించిన ఆధారంతో మొదలై, అదే ఆధారంతో సరిచూడబడాలి.

4. ఇరుగుపొరుగు బడులు టర్ముకు ఒకసారి కలుసుకొని, ఫలించినవాటితో పాటు ఫలించనివాటిని కూడా పంచుకోవాలి.

5. విద్యాశాఖ, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు సమాచారాన్ని తూచే విద్యను శిక్షణలో తప్పనిసరి భాగం చేసి, కాహుయ్ అకోలలో అన్వేషణకు నాయకత్వం వహించిన వారి అనుభవాన్ని అందుకు వినియోగించుకోవాలి.

6. తెలుగు తల్లిదండ్రులు, తెలుగు సంఘాలు నడిపే భాషా తరగతులు వాట్సాప్‌లో వచ్చే తెలుగు సందేశాలను పిల్లలతో కలిసి పరీక్షించాలి. ఈ పనిలో పిల్లలకు మాతృభాష చదవవలసిన నిజమైన కారణం కూడా దొరుకుతుంది.

న్యూజిలాండ్ పాఠశాలల బోర్డులలో తల్లిదండ్రుల ప్రతినిధులను తల్లిదండ్రులే ఓటు వేసి ఎన్నుకుంటారు. బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఈ హక్కును తెలుగు కుటుంబాలు వినియోగించుకొని, తమ పిల్లల బడి తదుపరి బోర్డు సమావేశానికి వెళ్లి, ముందుగా అనుమతి కోరి మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ఏడాది పరికరాలకు ఎంత ఖర్చు చేశారు? ఆ పరికరాలతో బోధించే ఉపాధ్యాయుల అన్వేషణకు ఎంత సమయం ఇచ్చారు? ఆ అన్వేషణ వల్ల పిల్లల చదువులో ఏమి మారిందో ఎలా తెలుసుకుంటున్నారు? మొదటి ప్రశ్నకు ఏ బోర్డు అయినా వెంటనే జవాబు చెప్పగలదు. మిగిలిన రెండింటికీ అంత సులభంగా జవాబు చెప్పగలిగే రోజు వచ్చేదాకా తల్లిదండ్రులు అడుగుతూనే ఉండాలి.